విద్యుత్తు నిలిచిన రాత్రి కోడిపిల్లల సంరక్షణ

మన సంఘ సభ్యులలో పలువురు సేద్యముతోపాటు పెరటికోళ్ళ పెంపకమును గూడ చేపట్టియున్నారు. రాజేంద్రనగరములో 1988వ సంవత్సరమున నెలకొల్పబడి, నేడు కోళ్ళ పరిశోధన డైరెక్టరేటు అను పేరుతో నున్న సంస్థవారు తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రకములు తెలుగు పల్లెలకు బాగుగా పరిచితములు. నాటుకోడివలె పొదుగుటకు కూర్చుండు స్వభావము ఈ రకములకు చాలవరకు లేదు. కావున వీని పిల్లలు యంత్రములో పొదుగబడి, పుట్టిన దినముననే అట్టపెట్టెలలో మన చేతికి వచ్చును. వానికి తల్లి లేదు. తల్లిరెక్కలకు మారుగా మనము విద్యుద్దీపమును వ్రేలాడదీయుచున్నాము. ఆ దీపము ఆరిపోయిన రాత్రి ఏమి చేయవలెను? ఇదియే ఈ నెల పాఠము.

విద్యుత్తు సరఫరా పూర్వముకంటె మెరుగుపడినమాట సత్యము. తెలంగాణములో 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా మొదలయినది. అయినను గాలికిని వానకును ప్రభుత్వపుటుత్తరువులు తెలియవు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడును, 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడును, విద్యుత్ స్తంభములు వేలకొలది కూలి, పల్లెలు దినములతరబడి చీకటిలో నుండెను. హైదరాబాదు నగరమునందే 2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షమునకు నీటమునిగిన పేటలలో విద్యుత్తు నిలిచిపోయెను. మేమీ పాఠమును వ్రాయుచున్న బర్కత్‌పురలో సహితము, వైశాఖమాసపు గాలివానకు చెట్టుకొమ్మ తీగలపై విరిగిపడినచో, అటు చిక్కడపల్లికిని ఇటు నారాయణగూడకును గంటయో రెండు గంటలో చీకటి తప్పదు. మిద్దెపై పది పిల్లలను పెంచుకొను పట్టణవాసికిని, పాకలో ఐదువందల పిల్లలను పెంచు రైతునకును అపాయ మొక్కటియే.

సంఘమునుండి అప్పు తెచ్చి పిల్లలను కొన్న సభ్యునకు ఒక్క రాత్రిలో పిల్లలు పోవచ్చును గాని అప్పు పోదు. ఈ సంగతి మనస్సున నుంచుకొని, క్రింది విషయములను ఇంటిల్లిపాదియు చదివి, ముఖ్యముగా కోళ్ళను చూచుకొను ఇల్లాండ్రకు చదివి వినిపించి, ముందుగానే సిద్ధపడవలెను. పాఠమంతయు ఒక్క వాక్యములో చెప్పవలెనన్న ఇది: నిప్పు వెలుపల నుండవలెను, వెచ్చదనము లోపల నుండవలెను. ఉన్న వెచ్చదనమును పోనీయకుండుట మొదటి పని. క్రొత్త వెచ్చదనమును తెచ్చుట రెండవ పని. ఈ వరుసను తలక్రిందులు చేసి, దీపము ఆరగానే బొగ్గులకుంపటిని పాకలో పెట్టి తలుపులు మూయువారు పిల్లలను చలినుండి తప్పించి విషవాయువున కప్పగించుచున్నారు.

1. పిల్లకు చలి యేల అంత ప్రమాదము?

అప్పుడే పుట్టిన కోడిపిల్ల బరువు సుమారు 40 గ్రాములు. పెద్దకోడి శరీరపు వేడిమి 41, 42 సెంటీగ్రేడు డిగ్రీల నడుమ నుండగా, పిల్లది అంతకంటె ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా నుండును. పెద్దకోడికి ఈకలు కంబళివలె కాపాడును. పిల్లకు ఉన్నది నూగు మాత్రమే. అది తడిసినచో లేనట్లే. చిన్న గిన్నెలోని పాలు పెద్ద గంగాళములోని పాలకంటె త్వరగా చల్లారునట్లు, చిన్న శరీరము పెద్ద శరీరముకంటె త్వరగా వేడిని పోగొట్టుకొనును. తన వేడిని తానే నిలుపుకొను శక్తి పిల్లకు రెండు మూడు వారములకు గాని కుదురుకొనదు. ఈకలు నిండుగా వచ్చువరకు అది ఇతరుల వెచ్చదనముపై ఆధారపడియుండును.

ఈ కారణముచేతనే పిల్లలను పెంచు కృత్రిమతల్లిని, అనగా బ్రూడరును వాడుచున్నాము. దానిక్రింద పిల్లల వీపు ఎత్తున ఉండవలసిన వేడిమి వారమువారీగా ఇట్లుండవలెను:

మొదటి వారము 95 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా 35 సెంటీగ్రేడు డిగ్రీలు.
రెండవ వారము 90 ఫారన్‌హీటు డిగ్రీలు.
మూడవ వారము 85 ఫారన్‌హీటు డిగ్రీలు.
నాలుగవ వారము 80 ఫారన్‌హీటు డిగ్రీలు.
అటుపిమ్మట వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించుచు 70 డిగ్రీలవద్ద మానివేయవచ్చును.

మార్గశిర పుష్యమాసములలో మన ప్రాంతపు రాత్రి 15 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగుట వింతకాదు. ఆదిలాబాదు వైపున ఇంకను దిగును. అనగా దీపము ఆరిన పాకలో పిల్లకు కావలసినదానికిని, ఉన్నదానికిని 20 డిగ్రీల తేడా యేర్పడును.

ఇంకొక సంగతి. చలి తానుగా చంపు పిల్లలకంటె, చలికి భయపడి గుంపుగూడుటవలన చచ్చు పిల్లలు తరచుగా ఎక్కువ. చీకటియు చలియు ఒక్కసారి క్రమ్మగానే పిల్లలన్నియు ఒక మూలకు పరుగెత్తి ఒకదానిపై నొకటి ఎక్కును. అడుగుననున్నవి ఊపిరాడక చచ్చును. ఉదయమున చూచువారు చలికి చచ్చినవనుకొందురు. ఈ మరణము గంటలు పట్టునది కాదు. కావున దీపము ఆరిన తరువాత మొదటి అరగంట మిక్కిలి విలువైనది.

2. దీపము వెలుగుచుండగనే చేయవలసిన పనులు

మొదటిది: పిల్లలు వచ్చిన అట్టపెట్టెను పారవేయకుడు. పొదుగుయంత్రశాలవారు సాధారణముగా 100 పిల్లలను ఒక పెట్టెలో నాలుగు గదులుగా చేసి, గదికి 25 చొప్పున పంపుదురు. ఆ పెట్టెలో దీపము లేదు, నిప్పు లేదు. అయినను అవి రైలుమీదను బస్సుమీదను రాత్రియంతయు ప్రయాణము చేసి క్షేమముగా చేరుచున్నవి. ఎట్లు? 25 పిల్లలు తమ వెచ్చదనమును ఒండొంటికి పంచుకొనుచున్నవి. ఆ వెచ్చదనమును అట్ట పోనీయకున్నది. ప్రక్కల రంధ్రములగుండ చెడుగాలి పోవుచున్నది. గదులుండుటచేత నూరు పిల్లలు ఒకేచోట క్రిక్కిరియుట లేదు. చీకటిరాత్రికి కావలసిన సూత్రములన్నియు ఆ పెట్టెయందే యున్నవి. ఇరువదవ శతాబ్దపు మొదటి సంవత్సరములలో అమెరికా రైతులు నిప్పులేని బ్రూడరు అను పెట్టెను వాడుచుండిరి. పెట్టెలో పొడిగడ్డి పరచి, పిల్లల వీపులకు తగులునంత క్రిందుగా మెత్తని బొంతను వ్రేలాడదీసి, పిల్లల సొంత వెచ్చదనముతోనే వానిని కాపాడుచుండిరి. మనము చెప్పుచున్నదియు అదియే.

రెండవది: పెట్టెకు తొడుగు సిద్ధము చేయుడు. అట్టపెట్టెకంటె నలుదిక్కుల బెత్తెడు వెడల్పు ఎక్కువగల గంపనో కొయ్యపెట్టెనో తీసికొని, అడుగున ఎండిన వరిఊకను (మన తెలంగాణములో ఉనుక అందురు) బెత్తెడు మందమున పోసి, దానిపై అట్టపెట్టె నుంచి, చుట్టును గాలిరంధ్రముల క్రిందివరకే ఊకను కూరవలెను. ఊక దొరకనిచోట వేరుసెనగ పొట్టు, ఎండుగడ్డి, పాతగోనెలు పనికివచ్చును. తడిసినది మాత్రము పనికిరాదు.

మూడవది: బ్రూడరు చుట్టును వేయు అట్టకంచె గుండ్రముగా నుండవలెను. మూరెడు ఎత్తు చాలును. మూలలు లేనిచోట పిల్లలు గుంపుగూడి నలిగిపోవుట తగ్గును. పాక మూలలను గూడ అట్టలతోనో గడ్డిమోపులతోనో గుండ్రముగా మూసివేయుట మంచిది.

నాలుగవది: పిల్లలకు చీకటిని అలవాటు చేయుడు. ఎల్లప్పుడు వెలుగులోనే పెరిగిన పిల్ల మొదటిసారి చీకటిని చూచినప్పుడు బెదరిపోవును. మొదటి దినములనుండియే, పాక వెచ్చగానున్న సాయంకాలము, మనము దగ్గర నిలిచియుండి, అరగంటసేపు వెలుగు ఆర్పుచుండినచో, నిజముగా విద్యుత్తు పోయిన రాత్రి అవి తొట్రుపడక కూర్చుండును. ఖర్చు లేని పని యిది.

ఐదవది: మూతగట్టిగానున్న సీసాలు నాలుగు, ఇటుకలు నాలుగు, పాతదుప్పట్లు రెండు, గోనెపట్టాలు, అగ్గిపెట్టె, చేతిదీపము, వేడిమికొలత, ఇవన్నియు ఒకేచోట నుంచి, ఆ చోటు ఇంటిలోని పిల్లలకు సహితము తెలియునట్లు చేయవలెను. చీకటిలో వెదకుకొనుచు పోగొట్టుకొను సమయము పిల్లల ప్రాణములనుండియే పోవును.

3. దీపము ఆరిన వెంటనే

మొట్టమొదట చేతిదీపమును వెలిగించి పిల్లలకు కనబడునట్లు ఎత్తున పెట్టవలెను. సన్నని వెలుగున్నను వాని బెదురు తగ్గును. తరువాత గాలివచ్చు వైపున పరదాలను దింపవలెను. ఒకచోట గుంపుగూడిన పిల్లలను అరచేతులతో మెల్లగా విడదీయవలెను. మాటలు, కేకలు, కుక్కలు, పరుగులు కూడదు.

విద్యుత్ కార్యాలయమునుండి పావుగంటలో సరఫరా వచ్చునని తెలిసినచో, బ్రూడరు గొడుగుపై దుప్పటిని అంచులు వ్రేలాడునట్లు కప్పి, ప్రక్కన వేలెడు సందు విడిచి, కాచుకొని కూర్చుండిన చాలును. అయితే దుప్పటి వేడిదీపమునకు తగులకుండ చూడవలెను. విద్యుత్తు తిరిగి రాగానే అది అంటుకొనవచ్చును. కనుక దుప్పటి కప్పినప్పుడు బొత్తామును ఆపివేయుట మరువరాదు.

సరఫరా వచ్చు వేళ తెలియనిచో, కాచుకొనుట మాని పిల్లలను పెట్టెలలోనికి ఎత్తవలెను. మొదటి మూడు నాలుగు దినముల పిల్లలైనచో పెట్టె గదికి 25, వారము దాటినవైనచో 15, రెండు వారములు దాటినవైనచో 8 లేక 10 కంటె ఎక్కువ పెట్టరాదు. ఇంకను పెద్దవైనచో పెట్టెలు విడిచి, పాకలో ఒక మూలను గోనెపట్టాలతో తెరకట్టి, పైన తక్కువ ఎత్తున కప్పువేసి, క్రింద ఊకను మందముగా పోసి, అచ్చటకు చేర్చవలెను. పెద్దగదిని వేడిచేయుటకంటె చిన్నగదిని చల్లారకుండ కాచుట తేలిక.

పెట్టెపై దుప్పటి కప్పవచ్చునుగాని గాలిరంధ్రములను ఒక్కటియైనను మూయరాదు. ప్రతి గంటకు ఒకసారి మూత తీసి చూడవలెను. వేడిమికొలత లేనివారికి పిల్లలే కొలత. అవి కీచుకీచుమని బిగ్గరగా అరచుచు దగ్గరగా ఒత్తుకొనుచున్నచో చలి. నోరు తెరచి రొప్పుచు రెక్కలు వ్రేలవైచుచున్నచో వేడి ఎక్కువ. అన్నియు ఒకే ప్రక్కకు చేరినచో ఎదుటి ప్రక్కనుండి గాలి కొట్టుచున్నది. మెల్లగా కిచకిచలాడుచు చెదరి పండుకొన్నచో అంతయు సరిగానున్నది. ఇంకొక గుర్తు గలదు. పిల్ల పాదమును మీ చెంపకు ఆనించి చూడుడు. చల్లగా తోచినచో పిల్లకు వెచ్చదనము చాలలేదు.

మొదటి దినముల పిల్లలకు ఆ రాత్రి మేతనుగూర్చి దిగులు వలదు. గ్రుడ్డులోని సొన కొంత పొట్టలో మిగిలియుండి రెండు మూడు దినములవరకు వానిని పోషించును. వారము దాటిన పిల్లలకు మాత్రము మూడు గంటల కొకసారి గోరువెచ్చని నీటిని చూపవలెను. నీటిపళ్ళెమును పెట్టెలో వదలరాదు. తడిసిన పిల్ల చలికి నిలువదు.

వేసవిరాత్రి సంగతి వేరు. ఉక్కపోయు వేళ మూసినపెట్టెలో పిల్లలను క్రుక్కినచో వేడికి చచ్చును. గాలివాన తరువాత చల్లబడినప్పుడు మాత్రమే పైన చెప్పిన కట్టుదిట్టములు అవసరము. కాలమునుబట్టి గాక పిల్లల తీరునుబట్టి నడచుకొనవలెను.

4. వెచ్చదనమును ఎచ్చటనుండి తేవలెను?

పొదుగుమీదనున్న నాటుకోడి అన్నిటికంటె మేలు. ఆమెకు ఊకయు వలదు, విద్యుత్తు వలదు. ఒక్క కోడి 12 మొదలు 15 పిల్లలను కప్పగలదు. పుట్టి ఒకటి రెండు దినములైన పిల్లలను చీకటిలో ఒక్కొక్కటిగా రెక్కలక్రిందికి జార్చినచో, తెల్లవారునప్పటికి తనవిగా ఎంచుకొనును. పొదుగుమీద లేని కోడికి ఇచ్చినచో పొడిచి చంపును. కోడికి పేలుగాని తెగులుగాని లేకుండ ముందుగా చూచుకొనవలెను. వనరాజ పిల్లలను పెంచువారు సహితము ఇంట ఒకటి రెండు నాటుపెట్టలను ఉంచుకొనుట ఈ కారణముచేత లాభము.

తరువాతది వేడినీటి సీసా. ఒక లీటరు నీరు 60 సెంటీగ్రేడు డిగ్రీలనుండి 35 డిగ్రీలకు చల్లారులోపల ఇచ్చు వేడి, 30 వాట్ల దీపము ఒక గంటసేపు ఇచ్చు వేడికి ఇంచుమించు సమానము. పొయ్యిపై నీరు కాచి, చేయి పెట్టినచో ఓర్వలేనంత వేడిగానున్నప్పుడు సీసాలలో పోసి, మూత బిగించి, తలక్రిందులుగా పట్టి కారుట లేదని చూచి, రెండు మడతల గుడ్డ చుట్టి, పెట్టెలో అడ్డముగా నుంచవలెను. మరిగిన నీటిని వెంటనే పోసినచో గాజు పగులును, ప్లాస్టికు మెత్తబడును. 50 పిల్లలుగల పెట్టెకు లీటరు సీసాలు రెండు చాలును. రెండు గంటల కొకసారి మార్చుచుండవలెను. పిల్లలు సీసాను ఆనుకొనుటకును, వేడియైనచో తొలగిపోవుటకును చోటుండవలెను. సీసాలకు చోటు కావలెను గనుక ఆమేరకు గదిలోని పిల్లలను తగ్గించుకొనవలెను.

సీసాలు లేనిచోట ఇటుకలు. మూడు కిలోల ఇటుకను పొయ్యిలో కాచి, 80 డిగ్రీలవద్ద గోనెలో చుట్టి పెట్టినచో ఒక లీటరు వేడినీటితో సమానమైన పనిచేయును. పగులదు, కారదు. అయితే నిప్పునుండి తీసిన ఇటుకను వెంటనే చుట్టినచో గోనె అంటుకొనును. దానిపై నీటిబొట్టు చిలికినప్పుడు చుయ్యిమనకుండునంతవరకు ఆరనిచ్చి చుట్టవలెను.

ఇన్వర్టరును నమ్ముకొన్నవారు ఒక లెక్క చూచుకొనవలెను. బ్రూడరునకు పిల్లకు 2 వాట్ల చొప్పున 100 పిల్లలకు 200 వాట్లు కావలెను. 12 వోల్టుల, 150 ఆంపియరు గంటల బ్యాటరీలో 1,800 వాట్ గంటల శక్తి యుండును. నష్టములు పోగా 1,200 దక్కునని తీసికొన్నచో, 100 పిల్లలకు 6 గంటలును, 300 పిల్లలకు 2 గంటలును మాత్రమే వచ్చును. ఇంటి దీపములకు చాలిన బ్యాటరీ పిల్లల వెచ్చదనమునకు చాలదు. దానిని ఊక తొడుగు వేసిన పెట్టెల దగ్గర ఒక్క 60 వాట్ల దీపమునకు వాడుకొన్నచో రాత్రియంతయు నిలుచును. ఇచ్చట దీపమనగా తీగ కాలి వెలుగు పాతరకపు బల్బు. 9 వాట్ల ఎల్‌ఇడి దీపము వెలుగుకు చాలును గాని వెచ్చదనమునకు పనికిరాదు.

5. బొగ్గులకుంపటి విషయమున హెచ్చరిక

పల్లెలలో దీపము ఆరినంతనే తలపునకు వచ్చునది కుంపటి. పొగ పోయి, పైన తెల్లని బూడిద కమ్మిన బొగ్గులు నిరపాయకరములని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకము తప్పు. పొగ పోయినను బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడుచునేయుండును. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్నులు మండవు, దగ్గు రాదు. ప్రాణవాయువుకంటె 200 రెట్లు మించిన పట్టుతో అది రక్తమునకు అంటుకొని, ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. పీల్చువానికి తలనొప్పియు మత్తును కలిగి, నిద్రయే మరణమగును.

పక్షులు ఈ వాయువునకు మనకంటె ముందుగా లొంగును. బ్రిటను దేశపు బొగ్గుగనులలో పనివారు కెనరీ పిట్టలను పంజరములలో వెంట తీసికొని పోవుచుండిరి. పిట్ట సోలినచో మనుష్యులు వెలుపలికి పరుగెత్తుదురు. యంత్రములు వచ్చినపిమ్మట 1986లో ఆ ఆచారమును మానిరి. మన పాకలోని పిల్లలు ఆ పిట్టలవంటివే. అయితే వానిని చూచుచు మెలకువగా నుండువారు లేనిచో, ప్రక్కన మంచముపై పండుకొన్న రైతునకును అదే గతి.

కావున కుంపటిని ఆరుబయట పెట్టుడు. దానిపై నీరు కాచుడు, ఇటుకలు కాచుడు. ఆ వేడిని సీసాలలోను ఇటుకలలోను లోపలికి మోసికొని పొండు. పిల్లలు వేలకొలదిగానుండి, పెద్దపాకలో కుంపట్లు తప్పనివారు, రెండు ఎదురుప్రక్కల పరదాలను పైభాగమున జానెడు తెరచి, కుంపటి చుట్టును ఇనుపజాలి పెట్టి, ఊకను మూరెడు దూరము తొలగించి, మెలకువగా కావలి యుండవలెను. ఆ పాకలో ఎవరును నిద్రింపరాదు. గ్యాసు బ్రూడరునకును గాలి వలయును. జనరేటరును పాకకు వెలుపల, పొగ లోనికి రాని దిక్కున పెట్టవలెను. ఎవరికైనను తల తిరిగినచో ముందు మనుష్యులు వెలుపలికి రావలెను. పిల్లల సంగతి తరువాత.

6. చలిపట్టిన పిల్లకు ఉపచారము

కన్నులు మూసికొని, కాళ్ళు చాచి, కదలక పడియున్న పిల్ల చచ్చినదని వెంటనే పారవేయరాదు. చలికి బిగిసిన పిల్ల పెక్కుమారులు తేరుకొనును. తడిసియున్నచో మెత్తని పొడిగుడ్డతో అద్ది ఆరబెట్టవలెను. రెండు అరచేతుల నడుమనో, వేడినీటి సీసా ప్రక్కన గుడ్డలోనో 95 డిగ్రీలవద్ద మెల్లగా వెచ్చబరచవలెను. మంటకు పట్టుట, వేడినీట ముంచుట కీడు. తల ఎత్తి నిలబడినపిమ్మటనే గోరువెచ్చని నీటిలో కొంచెము బెల్లము కలిపి ముక్కుకొనను తాకించవలెను. సోలియున్న పిల్ల నోటిలో నీరు పోసినచో ఊపిరితిత్తులలోనికి పోయి చచ్చును. తేరుకొన్న పిల్లలను ఆ రాత్రికి వేరుగా నుంచవలెను.

7. విద్యుత్తు తిరిగి వచ్చిన పిమ్మట

సరఫరా వచ్చినదని సంతోషించి పిల్లలను వెంటనే పెట్టెలనుండి దింపరాదు. బ్రూడరు చల్లారియున్నది, క్రింది ఊకయు చల్లారియున్నది. దీపములు వెలిగించి, ఊక చేతికి వెచ్చగా తగులువరకు ఆగి, తరువాత దింపవలెను. మొదట నీరు, పిమ్మట మేత. దప్పిగొన్న పిల్లలు నీటిపై ఒక్కసారిగా విరుచుకొనిపడి తడియకుండ, లోతులేని పళ్ళెములలో గులకరాళ్ళు వేసి పెట్టవలెను.

అపాయము ఆ రాత్రితో ముగియదు. చలిపట్టిన పిల్లలలో కొన్నింటికి పొట్టలోని సొన సరిగా ఇంకదు. మూడు నాలుగు దినములకు రెట్ట అంటుకొని ఆసనము మూసికొనిపోవును. అట్టివానిని గోరువెచ్చని నీటిగుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. ఎక్కువ పిల్లలు మందముగానున్నచో పశువైద్యునికి చూపవలెను. విద్యుత్తు పోయిన తేదీ, గంటలు, చచ్చిన పిల్లల లెక్క, ఒక కాగితముపై వ్రాసియుంచినచో వైద్యునకు మేలగును, రెండవ బ్యాచికి మనకే గుణపాఠమగును.

8. సంఘముగా చేయదగిన పని

పై చెప్పినవన్నియు ఒక్క ఇంటివారు చేసికొనగలిగినవి. తుపాను రాత్రులలో మాత్రము ఒక్కరి బలము చాలదు. మూడు దినములు సరఫరా లేనప్పుడు మూడు రాత్రులు మెలకువగానుండి సీసాలు మార్చువారెవరు? ఇచ్చటనే సహకారమునకు అర్థమున్నది. ప్రతి గ్రామసంఘమును తమ కోళ్ళరైతులతో ముందుగానే ఒక కట్టు చేసికొనవలెనని మా సలహా.

పేటలో పొయ్యికి కట్టెలు నిండుగానున్న ఇల్లో, జనరేటరుగల ఇల్లో ఒకటి ఎంచుకొని, చీకటి రెండు గంటలు మించినచో పది ఇండ్లవారు తమ పిల్లలను పెట్టెలలో అచ్చటకు చేర్చవలెను. కాపలా వంతులవారీగా నుండవలెను. ఒకరు నీరు కాచుట, ఒకరు సీసాలు మార్చుట, తక్కినవారు నిద్రించుట. ఎవరి పెట్టెలు వారివే. సున్నముతో గుర్తువేసి, వేరుగా నుంచవలెను. ఒకరి పిల్లలను ఇంకొకరి పిల్లలతో కలిపినచో, చలినుండి తప్పించుకొన్నవి కొక్కెర తెగులునకు చిక్కును. తెగులున్న ఇంటి పిల్లలను ఆ యింటనే యుంచి, సీసాలనే అచ్చటకు పంపవలెను. ఒక పెట్టెను ముట్టినవారు చేతులు కడుగుకొనియే రెండవదానిని ముట్టవలెను.

సంఘపు గిడ్డంగిలో అట్టపెట్టెలు, వేడిమికొలతలు, పొడి ఊక బస్తాలు కొన్ని, వీలున్నచో ఒక గ్యాసు బ్రూడరు ఉమ్మడిగా నుంచుకొనవలెను. వీనికగు వ్యయము ఒక సభ్యుడు ఒక్క రాత్రిలో పోగొట్టుకొను పిల్లల విలువను మించదు. కృష్ణా, గోదావరి, శ్రీకాకుళము తీరపు సభ్యులు అక్టోబరు నవంబరు తుపాను మాసములలో ఒక దినపు పిల్లలను తెప్పించుకొనక, నాలుగైదు వారములు పెరిగి ఈకలు వచ్చిన పిల్లలను కొనుట ఇంకను క్షేమము. ధర ఎక్కువైనను రాత్రులు నిశ్చింతగా గడచును.

జ్ఞాపకముంచుకొనవలసిన మాటలు

పెట్టెను పారవేయకుడు. ఊకను పొడిగా నుంచుడు. పిల్లలను చిన్నగుంపులుగా విడదీయుడు. గాలిరంధ్రములను మూయకుడు. గంట కొకసారి చూడుడు. నిప్పు వెలుపల, వెచ్చదనము లోపల.

సభ్యులు ఈ పాఠము చదివిన రోజుననే ఒక పని చేయవలెనని మా కోరిక. సాయంకాలము బ్రూడరు దీపమును మీరే ఆర్పి, గడియారము చూచుకొనుచు, మీ పిల్లలనన్నిటిని పెట్టెలలోనికి ఎత్తుటకును, మొదటి వేడినీటి సీసాను అమర్చుటకును ఎంతసేపు పట్టునో లెక్కించుడు. అరగంట మించినచో ఏ వస్తువు దొరకక ఆలస్యమైనదో చూచి, దానిని రేపే అమర్చుకొనుడు.